ఆ పేరూ నాదే, ఈ పేరూ నాదే

(కడపలో డిగ్రీ చివరి ఏడాది విద్యార్థినుల సమావేశంలో ఒక విశ్రాంత బ్యాంకు అధికారిణి చేసిన ప్రసంగ పాఠం)

అమ్మాయిలూ, అందరికీ నమస్కారం.

మీలో కొందరికి ఇళ్లలో సంబంధాలు చూస్తున్నారని మీ మేడమ్ చెప్పారు. పెళ్లనగానే చీరలు, నగలు, భోజనాల గురించి నెలల తరబడి మాట్లాడుకుంటారు. అమ్మాయి ఇంటిపేరు సంగతి ఎవరూ ఎత్తరు. తాళి కట్టగానే అదే మారిపోతుంది అనుకుంటారు. పేరంటాల్లో, శుభలేఖల్లో మారుతుంది, నిజమే. కాగితాల్లో మనం మార్చుకుంటేనే మారుతుంది.

మార్చుకోవాలని చట్టం చెప్పిందా అంటే, లేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో గానీ, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టంలో గానీ భార్య భర్త ఇంటిపేరు పెట్టుకోవాలన్న నిబంధన లేదు. మార్చుకోకపోతే జాయింట్ అకౌంట్ ఇవ్వరని, పిల్లల బర్త్ సర్టిఫికెట్ రాదని ఎవరైనా అంటే నమ్మొద్దు. మన దగ్గర షేక్‌ల అమ్మాయి పఠాన్ల ఇంటికి కోడలిగా వెళ్లినా షేక్‌గానే ఉండడం నేను ఎన్నోసార్లు చూశాను. వాళ్లకేం కొంపలు మునగలేదు. నన్నడిగితే, ఉద్యోగం చేయాలనుకునే పిల్ల పుట్టింటి పేరే ఉంచుకోవడం సుఖం. అత్తగారింట్లో ముఖాలు మాడ్చుకుంటే అది మీరూ మీరూ తేల్చుకోవాల్సిన సంగతి, నేను తలదూర్చను. మార్చుకోవాలనే అనుకుంటే ఎలా మార్చుకోవాలో చెప్పడానికి వచ్చాను.

కౌంటర్ దగ్గర ఏం జరుగుతుందో చూడండి. ఒకమ్మాయి చదువుకునే రోజుల్లో పి. సుజాత పేరుతో ఖాతా తెరిచింది అనుకుందాం. పెళ్లయి రెండేళ్లయింది. ఆధార్‌లో అత్తగారింటి పేరు చేర్పించుకుని కె. సుజాత అయింది. బంగారం తాకట్టు పెట్టడానికి బ్యాంకుకు వచ్చింది. పాస్‌బుక్‌లో పి, ఆధార్‌లో కె, పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, అదీ పేరుకు వెనక. ఫొటో చూస్తే మనిషి ఆమే. "ఏమ్మా, ఇందులో నువ్వెవరు?" అంటాడు క్లర్కు. "మూడూ నేనే సార్, అది పెళ్లికి ముందుది" అంటుంది. అతను నమ్ముతాడు కూడా. కానీ అతను నమ్మితే సరిపోదు, రేపు ఆడిట్‌కు వచ్చినవాళ్లు ఫైల్లో కాగితం ఏదని అడుగుతారు. అంత పొద్దున మైదుకూరు నుంచి బస్సెక్కి వచ్చిన పిల్ల ఉత్త చేతులతో తిరిగిపోవాలి.

ఇక్కడ ఇంటిపేరు మారడం తప్పు కాదు. పి. సుజాతను, కె. సుజాతను కలిపే కాగితం లేకపోవడమే లోటు. ఆ కాగితం వివాహ ధ్రువీకరణ పత్రం, అంటే మ్యారేజ్ సర్టిఫికెట్. అందులో అమ్మాయి పేరు, ఆమె తల్లిదండ్రుల వివరాలు, భర్త పేరు ఒక్కచోటే ఉంటాయి.

రిజర్వు బ్యాంకు ఇచ్చిన కేవైసీ ఆదేశాల్లో, అంటే ఖాతాదారు ఎవరో బ్యాంకు తేల్చుకునే నియమాల్లో, ఈ మాట స్పష్టంగానే ఉంది. గుర్తింపు పత్రం తీసుకున్నాక పేరు మారినా, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన మ్యారేజ్ సర్టిఫికెట్ గానీ, గెజిట్‌లో, అంటే ప్రభుత్వ రాజపత్రంలో, వచ్చిన పేరు మార్పు ప్రకటన గానీ జతచేస్తే ఆ పత్రం చెల్లుతుంది. కౌంటర్‌లో ఎవరైనా కుదరదంటే గొడవ పడకుండా ఈ సంగతి మేనేజర్‌కు గుర్తుచేయండి. పెళ్లి కారణంగా ఇంటిపేరు మారితే ప్రతిచోటా గెజిట్ కావాల్సిన పనిలేదు. గెజిట్ లేనిదే ఏ పనీ జరగదని డబ్బులు గుంజేవాళ్లు ఉంటారు, జాగ్రత్త. నోటరీ దగ్గర "ఈ రెండు పేర్లూ నావే" అని రాయించే అఫిడవిట్ కొన్నిచోట్ల అక్కరకొస్తుంది. దానికి మ్యారేజ్ సర్టిఫికెట్‌కున్న బలం లేదు.

కాబట్టి పెళ్లి రిజిస్టర్ చేయించుకోండి. మన రాష్ట్రంలో 2002లోనే అన్ని మతాల పెళ్లిళ్లకూ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు దేశమంతటికీ ఇదే చెప్పింది. అయినా "మాకెందుకులే, ఊరందరి ముందూ చేసుకున్నాం కదా" అంటారు. ఊరు వచ్చి బ్యాంకులో సంతకం పెట్టదు కదమ్మా! శుభలేఖ, పెళ్లి ఫొటో, వయసుకూ చిరునామాకూ రుజువులు, సాక్షులు ఉంటే సరిపోతుంది. పెళ్లయిన కొత్తలో అయితే ఇవన్నీ చేతికి అందుబాటులో ఉంటాయి. పదేళ్లు పోయాక శుభలేఖ కోసం అటకలు వెతకాలి.

సర్టిఫికెట్ తీసుకునే రోజు స్పెల్లింగు చూసుకోండి. మన ఇంటిపేర్లు ఇంగ్లీషులో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. భూమిరెడ్డి అనే ఇంటిపేరే తీసుకోండి. కొందరు రెండు ఓలు పెడతారు, కొందరు యు పెడతారు. భర్త ఆధార్‌లో రెండు ఓలుండి, మ్యారేజ్ సర్టిఫికెట్‌లో యు పడితే, ఆ సర్టిఫికెట్ చూపించి మీ ఆధార్ మార్చుకునేటప్పుడు ఏ స్పెల్లింగు వేయాలి? ఇద్దరి పేర్లూ వాళ్ల వాళ్ల ఆధార్‌లో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా రాయించండి. ఆఫీసులో హడావిడి చేస్తారు, మీరు టెన్షన్ పడొద్దు. నిదానంగా చదివాకే సంతకం పెట్టండి.

ఆ తర్వాత ఆధార్. ఆధార్‌లో పేరు మార్పుకు జీవితంలో రెండు అవకాశాలే. పెళ్లికి ముందే ఏదో చిన్న అక్షరం సరిచేయించి ఒకటి వాడేసి ఉంటే, మిగిలింది ఒక్కటే. ఇంటిపేరు ముందుండాలా వెనకుండాలా, పొడి అక్షరమా పూర్తిగానా అన్నది అప్పుడే తేల్చుకోండి. పొడి అక్షరం వద్దంటాను, ఎందుకంటే పాస్‌పోర్టులో ఇనిషియల్స్ ఒప్పుకోరు, విప్పి రాయాల్సిందే. ఆధార్ అయ్యాక పాన్. పాన్ నంబరు మారదు, పేరే మారుతుంది. పాన్‌లో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు ఉంటే రెండూ లింక్ చేసేటప్పుడు చిక్కొస్తుంది. ఈ రెండూ కుదిరితే బ్యాంకు సులువు. ఓటరు జాబితాలో పేరు మార్పుకు ఫారం 8 ఉంది.

పీఎఫ్ ఉన్నవాళ్లు ఒకటి గమనించండి. పెళ్లికి ముందు అమ్మ పేరో నాన్న పేరో నామినీగా రాసి ఉంటారు. పెళ్లితో ఆ నామినేషన్ చెల్లకుండా పోతుంది, మళ్లీ ఇవ్వాలి. ఇంటిపేరు మార్చుకున్నా మార్చుకోకపోయినా ఇది తప్పదు.

టెన్త్ సర్టిఫికెట్ జోలికి మాత్రం పోవద్దు. పెళ్లయిందని అందులో పేరు మార్చరు. కుల ధ్రువీకరణ కూడా అంతే. కులం పుట్టుకతో వచ్చేది, పెళ్లితో మారదు. ఆ కాగితం ఎప్పటికీ నాన్న పేరుతోనే నడుస్తుంది. డీఎస్సీకో గ్రూప్స్‌కో చదువుతున్నవాళ్లుంటే, దరఖాస్తులో టెన్త్‌లో ఉన్న పేరే రాస్తారు కదా. పరీక్షకు ముందు ఆధార్‌లో ఇంటిపేరు మార్చేస్తే హాల్ టికెట్టులో ఒకరు, చేతిలోని కార్డులో ఇంకొకరు అవుతారు. పరీక్షలూ వెరిఫికేషనూ అయ్యేదాకా ఆగండి. అత్తగారికి చెప్పడానికి ఇది మంచి సాకు కూడా.

రాజంపేట, రాయచోటి వైపు నుంచి వచ్చినవాళ్లు ఉన్నారా? మీ ఇళ్లలో కువైట్ సంబంధాలు మామూలే. పాస్‌పోర్టులో భర్త పేరు చేర్చాలన్నా, ఇంటిపేరు మార్చాలన్నా పాస్‌పోర్టు మళ్లీ జారీ చేయించుకోవాలి. వీసా కాగితాలు పాత పేరుతో నడుస్తుంటే మధ్యలో పేరు కదిలించకండి. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి.

చాలామందికి తట్టనిది ఇంకొకటి ఉంది. మీ పేరు మీ కాగితాల్లోనే ఉండదు. నాన్న ఎల్‌ఐసీ పాలసీలో, అమ్మ ఫిక్సెడ్ డిపాజిట్‌లో నామినీగా మీ పుట్టింటి పేరు ఉంటుంది. వాళ్లు పోయిన దుఃఖంలో క్లెయిమ్‌కు వెళితే, కొత్త పేరున్న మనిషిని ఎవరు నువ్వని అడుగుతారు. వాళ్లు బాగున్నప్పుడే వాళ్లతో నామినేషన్ మార్పించండి. కుదరకపోతే మ్యారేజ్ సర్టిఫికెట్ జిరాక్సు ఒకటి ఆ బాండుతో పాటే పెట్టించండి. మీ పాత పాన్ కార్డు, పాత పాస్‌బుక్ పారేయకండి. పొలంలో వాటా వచ్చినప్పుడు దస్తావేజులో ఫలానా ఆయన కూతురు, ఫలానా ఆయన భార్య అని రెండూ రాయించుకోండి. లేకపోతే పొలం పట్టాదారు పాస్‌బుక్ మార్చుకోవడానికి తహశీల్దార్ ఆఫీసులో మళ్లీ ఇదే పంచాయితీ.

కొందరు కాగితాలు తెచ్చుకున్నారని విన్నాను. మీటింగయ్యాక ఆ కిటికీ పక్క బెంచీ దగ్గరికి రండి, ఒక్కొక్కరివీ చూద్దాం. ఆధార్, పాన్ రెండూ పక్కపక్కన పెట్టుకోండి.