గ్లామర్ ఎక్కడి మాట?

శ్రోతలకు నమస్కారం.

పేపర్లో సినిమా పేజీ తిప్పితే గ్లామర్. మొదటి పేజీలో ఐటీ రెయిడ్. ఎన్నికలొస్తే స్లోగన్. ఇవన్నీ ఇంగ్లిష్ మాటలే అనుకుంటాం. నిజానికి ఇంగ్లిష్ వాళ్లు వీటిని పక్కింటి నుంచి తెచ్చుకున్నారు. ఆ పక్కిల్లు స్కాట్లాండ్. ఆ భాష పేరు స్కాట్స్.

గ్లామర్ కథ వినండి. దాని మూలం గ్రామర్, అంటే మన వ్యాకరణమే! చదువుకున్నవాడికి మంత్రాలు కూడా వచ్చని జనం నమ్మిన రోజులవి. స్కాట్లాండ్ వాళ్ల నోట గ్రామర్ కాస్తా గ్లామర్ అయి, కనికట్టు అనే అర్థం తెచ్చుకుంది. వాల్టర్ స్కాట్ రచనలతో ఇంగ్లిష్‌లో పాకింది. స్లోగన్ మాత్రం పుట్టుకతో స్కాట్లాండ్‌లోని మరో భాష గేలిక్ మాట, యుద్ధంలో వేసే కేక. ఈ గేలిక్‌నీ స్కాట్స్‌నీ చాలామంది ఒకటే అనుకుంటారు. గేలిక్ వేరే కుటుంబం. స్కాట్స్, ఇంగ్లిష్‌లు మాత్రం ఒక తల్లి బిడ్డలు.

ఒకప్పుడు స్కాట్స్ రాజుగారి దర్బారు భాష. 1603లో రాజు ఆరవ జేమ్స్ ఇంగ్లండ్ గద్దె కూడా ఎక్కి లండన్ వెళ్లిపోయాడు. ఆ తర్వాత పెద్దమనుషులు ఇంగ్లిష్‌కి మళ్లారు. బడిలో పిల్లవాడు ఇంటి మాట మాట్లాడితే 'సరిగ్గా మాట్లాడు' అని టీచర్ కసిరేవారు. భాషని చిన్నబుచ్చాలంటే దాన్ని యాస అంటే చాలు కదా!

ఆ యాసలో ఏముందో చూడండి. రోజంతా ముసురు పట్టి, చలిగా, దిగులుగా ఉంటే 'డ్రీఖ్'. సన్నటి తుంపర 'స్మర్'. తడిసి ముద్దయితే 'డ్రూకిట్'. మంచుకైతే 421 మాటలున్నాయని గ్లాస్గో యూనివర్సిటీ వాళ్లు 2015లో లెక్క తేల్చారు. ఇంకో చిక్కుంది. అక్కడ ఎవరైనా 'మెసేజెస్‌ కోసం వెళ్తున్నా' అంటే ఫోన్ చూసుకోవడానికి కాదు, ఇంట్లోకి సరుకులు తేవడానికి. 'పీస్' అంటే శాండ్‌విచ్.

ఇప్పుడు గాలి మారింది. 2022 జనాభా లెక్కల్లో 15 లక్షల మందికి పైగా తాము స్కాట్స్ మాట్లాడతామని చెప్పారు. ఓపెన్ యూనివర్సిటీ 2019లో ఈ భాష మీద ఉచిత ఆన్‌లైన్ కోర్సు పెట్టింది. 2025లో స్కాట్లాండ్ పార్లమెంటు చేసిన చట్టంతో గేలిక్‌తో పాటు స్కాట్స్‌కీ అధికార హోదా దక్కింది. నవంబర్ 30న, వాళ్ల సెయింట్ ఆండ్రూ పండగ రోజున, అది అమల్లోకి వచ్చింది.

మధ్యలో ఒక తమాషా కూడా జరిగింది. స్కాట్స్ వికీపీడియాలో వేల వ్యాసాలు రాసింది అసలు ఆ భాషే రాని ఒక విదేశీయుడని 2020లో బయటపడింది. ఇంగ్లిష్ వాక్యం తీసుకుని స్పెల్లింగ్ వంకర తిప్పితే స్కాట్స్ అయిపోతుందనుకున్నట్టున్నాడు. అందరూ ఒప్పుకున్న ఒకే స్పెల్లింగ్ పద్ధతి ఆ భాషకి ఇప్పటికీ లేదు. అందుకే, చట్టం సంతోషమే గానీ, నాకు ఎక్కువ నమ్మకం వీధిలో వినిపించే మాట మీదే.

ఈశాన్యంలో అబర్డీన్ వైపు ఇద్దరు ఎదురుపడితే ఒకరు 'ఫూజ్ యర్ డూజ్?' అంటారు. మీ పావురాలు ఎలా ఉన్నాయి అని. పావురాలు ఉండక్కర్లేదు, అది కుశల ప్రశ్న. రెండోవారు తడుముకోకుండా 'ఆయ్ పెకిన్' అంటారు. ఎప్పట్లాగే గింజలు ఏరుకుంటున్నాయి అని.