జడ వేసుకునేవాళ్లకి ఏ హెయిర్ కట్ బాగుంటుంది? యూ కట్, లేయర్స్, ఫ్రింజ్ రివ్యూ

అందరికీ నమస్తే. ఈరోజు మన పార్లర్లలో ఎక్కువగా అడిగే హెయిర్ కట్‌లు ఒక్కొక్కటీ రివ్యూ చేస్తున్నాను. ప్రతి కట్‌నీ ఒకే ప్రశ్నతో చూశాను. పొద్దున్నే తలస్నానం చేసి, జుట్టు ఆరీ ఆరకముందే జడ వేసుకుని కాలేజీకో ఆఫీసుకో పరిగెత్తే అమ్మాయికి ఇది పనికొస్తుందా? మనలో చాలామంది జుట్టు వదిలేసేది పెళ్లికో ఫంక్షన్‌కో మాత్రమే. మిగతా రోజులన్నీ జడ, లేదంటే క్లిప్పు. అందుకే నా మార్కులన్నీ ఆ మామూలు రోజులకే.

ముందు యూ కట్. వెనక మధ్యలో పొడవు, పక్కలకి వచ్చేసరికి కాస్త పొట్టి. జడ అల్లితే దాదాపు చివరిదాకా ఒత్తు నిలుస్తుంది. పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు, కళ్లు మూసుకుని చేయించుకోవచ్చు. వెనక కొస వీ ఆకారంలో సన్నబడే వీ కట్ మాత్రం వదిలేసిన జుట్టు మీద ఎంత అందంగా ఉంటుందో, జడలో అంత ఇబ్బంది. కొస ఎలుక తోకలా మిగులుతుంది. జుట్టు పలచగా ఉంటే దాని జోలికి వెళ్లకండి.

ఇక అసలు విషయానికి వద్దాం. స్టెప్ కట్, లేయర్ కట్. స్టెప్‌లో పొడవుల తేడా మెట్లు మెట్లుగా కనపడుతుంది, లేయర్స్‌లో ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. పేరు ఏదైనా మీరు అడగాల్సింది ఒక్కటే: అన్నిటికంటే పొట్టి లేయర్ ఎక్కడ మొదలవుతుంది?

ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నాను. ఇది మా చెల్లి జడ. దీని లేయర్స్ గడ్డం దగ్గర మొదలయ్యాయి. చూడండి, ఈ పాయ నాలుగో అల్లిక దగ్గరే అయిపోయింది. కొస పక్కకి పొడుచుకొచ్చి నిలబడింది. చెవి వెనక ఉన్న ఈ చిన్న పాయ జడలోకి అసలు రానే రాలేదు, పిన్ను పెట్టాల్సి వచ్చింది. ఇదే జుట్టు వదిలేస్తే ముఖం చుట్టూ ఎంత బాగా పడుతుందో! ఇప్పుడు నాది చూడండి. పొట్టి లేయర్ కాలర్ బోన్ కింద మొదలైంది. జడలో ఇమిడిపోయింది, వదిలేస్తే కదలిక కూడా ఉంది. రోజూ జడ వేసుకునేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఇదే: లేయర్స్ కావాలంటే కాలర్ బోన్ కిందే మొదలుపెట్టించుకోండి.

ఒత్తుగా, అలలు అలలుగా ఉన్న జుట్టుకి ఈ పొడవు లేయర్స్ నిజంగా మేలు చేస్తాయి, బరువు తగ్గుతుంది. అలాంటి జుట్టుని భుజాల దగ్గర సమానంగా కత్తిరిస్తే కింద పక్కలకి ఉబ్బి త్రికోణంలా తయారవుతుంది. పలచటి జుట్టుకి దీనికి సరిగ్గా తిరగేసి ఆలోచించాలి. చివర్లు సమానంగా ఉంటేనే ఒత్తుగా కనపడతాయి. ముఖం గుండ్రంగా ఉంటే బాబ్, అంటే మెడ దాకా ఉండే పొట్టి కట్, చేయించుకోకూడదా అని చాలామంది అడుగుతుంటారు. చేయించుకోవచ్చు. కాకపోతే బుగ్గ దగ్గర ఆగకుండా గడ్డం దాటి కిందికి రావాలి.

ఫ్రింజ్, అంటే నుదుటి మీదికి పడేలా ముందు పొట్టిగా కత్తిరించే జుట్టు, దాని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. 1960ల్లో హిందీ నటి సాధన నుదురు వెడల్పుగా కనపడకుండా వేసుకున్న ఫ్రింజ్ 'సాధన కట్' పేరుతో దేశమంతా పాకిపోయింది. మీ అమ్మమ్మనో పెద్దమ్మనో అడగండి, వెంటనే గుర్తుపడతారు. నుదురు విశాలంగా, ముఖం పొడవుగా ఉంటే అది ఇప్పటికీ చక్కగా ఉంటుంది. కానీ మీరు విశాఖలోనో కాకినాడలోనో ఉంటే ఆ ఉక్కకి, చెమటకి మధ్యాహ్నానికల్లా నుదుటికి అతుక్కుపోతుంది. రోజూ హెల్మెట్ పెట్టుకునేవాళ్లకీ అంతే, అణిగిపోతుంది. ఇంకో సంగతి, నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట సుడి ఉందేమో అద్దంలో చూసుకోండి. ఉంటే ఫ్రింజ్ అక్కడ రెండుగా చీలిపోతుంది, రోజూ దువ్వెనతో కుస్తీ తప్పదు.

ఇంకా మనసు లాగుతుంటే కర్టెన్ బ్యాంగ్స్ చేయించుకోండి. మధ్యలో విడిపోయి, బుగ్గ ఎముకల దాకా వస్తాయి. విసుగొస్తే చెవి వెనక్కి తోసేయొచ్చు. జుట్టు నెలకి దాదాపు ఒకటి, ఒకటింపావు సెంటీమీటర్లే పెరుగుతుంది. కనుబొమ్మల దగ్గర కత్తిరించిన ఫ్రింజ్ గడ్డం దాకా రావాలంటే పది నెలలో, ఏడాదో పడుతుంది. పెళ్లి దగ్గర్లో ఉన్న అమ్మాయిలూ, ఈ లెక్క చూసుకున్నాకే నిర్ణయం తీసుకోండి.

సరే, ఏ కట్ కావాలో తేలింది. పార్లర్‌లో ఎలా చెప్పాలి? నూనె పెట్టుకుని వెళ్లకండి. గట్టిగా ముడి వేసుకుని కూడా వెళ్లకండి, ఆ మడత వల్ల మీ జుట్టు మామూలుగా ఎటు పడుతుందో వాళ్లకి తెలియదు. రోజూ తీసే పాపిడే తీసుకుని వెళ్లండి. ఫోటోలు తీసుకెళ్లండి, ముందు నుంచీ పక్క నుంచీ వెనక నుంచీ. ఫోటోలో అమ్మాయి జుట్టు మీ జుట్టులాంటిదే అయి ఉండాలి. హీరోయిన్ ఫోటోలో కనపడే ఒత్తు చాలాసార్లు ఎక్స్‌టెన్షన్స్‌ది, అంటే విడిగా అతికించిన జుట్టుది, ఆ వంపులు కర్లింగ్ మెషిన్‌వి.

కూర్చోగానే, జుట్టు తడపకముందే ఇలా చెప్పండి: "అక్కా, నేను రోజూ జడే వేసుకుంటాను. పొడవు రెండించులకి మించి తగ్గకూడదు. పొట్టి లేయర్ ఇక్కడి నుంచి మొదలవ్వాలి." ఇక్కడ అన్నప్పుడు కాలర్ బోన్ కింద వేలు పెట్టి చూపించండి. "ఆరాక ఇక్కడికి రావాలి, తడి మీద కొలిస్తే పైకి పోతుంది." ఉంగరాల జుట్టు వాళ్లు ఈ ఆఖరి మాట అస్సలు మర్చిపోవద్దు. తడిగా ఉన్నప్పుడు నడుము దాకా ఉన్న రింగులు ఆరాక వీపు మధ్యకి వచ్చేస్తాయి. వీలైతే పొడి జుట్టు మీదే కట్ చేయమని అడగండి. రేజర్, ఒత్తు తగ్గించే పళ్ల కత్తెర (థిన్నింగ్ కత్తెర) వద్దనీ చెప్పండి. వాటితో ఉంగరాల జుట్టు చివర్లు పీచులా రేగే అవకాశం ఎక్కువ.

మొదటి కత్తెర వేసేముందు "ఎంత తీస్తున్నారో ఒకసారి చూపించండక్కా" అని అడగండి. పాయ పట్టుకుని అద్దంలో చూపిస్తారు. అడగడానికి మొహమాటపడొద్దు. మన జుట్టు, మన డబ్బు. కట్ చేస్తున్నంతసేపూ కాలు మీద కాలు వేసుకోకండి. భుజం ఒకవైపు వాలితే వెనక గీత కూడా వాలుగా వస్తుంది.

అయిపోయాక బ్లో డ్రై చేస్తానంటారు. చేయించుకోండి, కానీ ఆ మెరుపులో హెచ్చుతగ్గులు దాగిపోతాయి. అందుకే లేచేముందు అక్కడే ఒక జడ అల్లమనండి. పాయలు ఎక్కడ బయటికొస్తున్నాయో అప్పుడే తెలిసిపోతుంది, అప్పటికప్పుడు సరిచేయించుకోవచ్చు. ఇంటికొచ్చి తలస్నానం చేశాక ఏదైనా వైపు తేడా కనపడితే నాలుగైదు రోజుల్లోపే మళ్లీ వెళ్లండి. ఆ తేడాని తలస్నానం చేసిన జుట్టుతోనే చూపించండి.

తిరుమలలో తలనీలాలు ఇచ్చి వచ్చాక, పెరిగే జుట్టుని ఏ దశలో ఎలా కట్ చేయించుకోవాలో వచ్చే వీడియోలో చెప్తాను. ఉంటానండి.