చదువుల తల్లి చేతులు

శ్రోతలకు నమస్కారం.

పూజగదుల్లోని పటాలలో లక్ష్మీదేవిని, సరస్వతీదేవిని పక్కపక్కనే చూడడం మనకు అలవాటే. లక్ష్మీదేవి పై చేతులలో పద్మాలు ఉంటాయి. కింది చేతులలో ఒకటి అభయమిస్తుంటే, రెండవదాని నుండి బంగారు నాణేలు జాలువారుతుంటాయి. సరస్వతీదేవికీ నాలుగు చేతులే ఉన్నాయి. అయితే రెండు చేతులు వీణ మీద ఉంటాయి, ఒక చేత పుస్తకం, మరొక చేత జపమాల ఉంటాయి. వరమివ్వడానికి ఒక్క చేయి కూడా ఖాళీగా లేదు. వీణ లేని కొన్ని మూర్తులలో వరదముద్ర కనిపిస్తుంది కాని, మనకు బాగా పరిచయమైన ఈ రూపంలో ఆమె విద్యను పంచిపెడుతున్న దాతగా కాక, విద్యలో మునిగి ఉన్న సాధకురాలిగా దర్శనమిస్తుంది. నా దృష్టిలో ఈ మూర్తిలోని అన్ని సంకేతాలకూ ఇదే కీలకం.

ఆ నాలుగు చేతులు మనస్సు, బుద్ధి, చిత్తం, అహంకారం అని చెప్పే వ్యాఖ్యానం ఒకటి బాగా ప్రచారంలో ఉంది. వినడానికి బాగుంటుంది. కాని నాలుగు చేతులు విష్ణువుకూ ఉన్నాయి, వినాయకుడికీ ఉన్నాయి. చేతుల సంఖ్య కన్నా ఆ చేతులు ఏం చేస్తున్నాయన్నదే ఈ తల్లిని ప్రత్యేకంగా చూపుతుంది.

ముందుగా ఆమె తెలుపును గురించి చెప్పాలి. ఋగ్వేదంలో సరస్వతి మొదట ఒక మహానది. ‘అంబితమే నదీతమే దేవితమే’ అని ఋషి ఆమెను తల్లులలో, నదులలో, దేవతలలో ఉత్తమురాలిగా సంబోధించాడు. తరువాతి కాలంలో ఆమె వాక్కుకు అధిదేవత అయినా, నీటి గుర్తులు ఆమెను విడిచిపోలేదు. తామర, హంస ఆ నీటి నుండి వచ్చినవే. పోతన భాగవతంలోని ‘శారద నీరదేందు’ పద్యాన్ని ఈ దృష్టితో ఒకసారి విని చూడండి. శరత్కాల మేఘం, చంద్రుడు, కర్పూరం, చందనం, హంస, మల్లెదండ, మంచు, నురుగు, వెండికొండ, రెల్లుపువ్వు, ఆదిశేషుడు, మొల్లలు, మందారం, పాలకడలి, తెల్లతామర, ఆకాశగంగ అంటూ తెల్లని వస్తువులను ఒకదాని వెంట ఒకటిగా పేర్చి, అంతటి శుభాకారంతో ఒప్పే నిన్ను మనసులో చూడగలగడం ఎన్నడమ్మా అని కవి అడిగాడు. వాటిలో ఎన్ని నీటికి చెందినవో, ఎన్ని శరదృతువుకు చెందినవో గమనించండి. తెలుపంటే స్వచ్ఛత అని ఒక్క మాటలో చెప్పి ఊరుకుంటే ఈ సంపద అంతా చేజారిపోతుంది. విజయవాడ ఇంద్రకీలాద్రి మీద శరన్నవరాత్రులలో మూలా నక్షత్రం నాడు కనకదుర్గమ్మను సరస్వతిగా అలంకరించేది, నదుల ఒడ్డున రెల్లు తెల్లగా పూసే ఆ రోజులలోనే.

ఇక పుస్తకం. నేడు లభిస్తున్న సరస్వతీ ప్రతిమలలో అతి ప్రాచీనమైనదిగా పండితులు భావించేది మథురలోని కంకాళీ టీలా అనే దిబ్బ వద్ద దొరికిన జైన ప్రతిమ. దాని శాసనాన్ని బట్టి అది సామాన్య శకం 132 నాటిదని లెక్క కట్టారు. తల విరిగిపోయిన ఆ విగ్రహం ఎడమ చేతిలో తాళపత్ర గ్రంథం ఉంది. వీణ మాత్రం లేదు. దానిని చేయించి సమర్పించినవాడు లోహపు పని చేసే ఒక కమ్మరి అన్న సంగతి నాకెంతో విలువైనదిగా తోస్తుంది. చేతిపని తెలిసినవాడు చదువుల తల్లిని నిలబెట్టాడు. జపమాల కూడా పాతదే. అందులోని పూసలను వర్ణమాలలోని అక్షరాలుగా భావించే సంప్రదాయం ఉంది. పుస్తకంలో ఉన్నది నోటికి రావాలంటే మళ్లీ మళ్లీ తిప్పి చదవడం తప్పదు కనుక, పుస్తకం ఒక చేత, మాల ఒక చేత ఉండడంలో ఎంతో ఔచిత్యం ఉంది.

వీణ చరిత్ర మరింత ఆసక్తికరమైనది. శిల్పులు, చిత్రకారులు తమ కాలంలో విన్న వాద్యాన్నే దేవి చేతిలో ఉంచారు కనుక, ఆ వాద్యం ఒక్కలాగే ఉండిపోలేదు. ఈనాటి పటాలలో మనం చూసే 24 మెట్ల వీణ 17వ శతాబ్దంలో తంజావూరులో, తెలుగు కవి కూడా అయిన రాజు రఘునాథ నాయకుని కాలంలో స్థిరపడిందని సంగీతజ్ఞులు చెబుతారు. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో పనసకర్రను తొలిచి చేసే వీణలు కూడా ఈ కుటుంబానికి చెందినవే. అంటే దేవి ఒడిలో ఉన్నది అందరాని దివ్యవస్తువు కాదు. మన వడ్రంగుల చేతిలో రూపుదిద్దుకొని, మన పిల్లలు వేళ్లు నొప్పి పుట్టేదాకా సాధన చేసే వాద్యమే.

రాజా రవివర్మ 1896లో చిత్రించిన సరస్వతి పక్కన నెమలి ఉంది. ఆ తరహా అచ్చుపటాలు ఊరూరికీ చేరడంతో నెమలి కూడా మన ఇళ్లలోకి వచ్చింది. నెమలి గర్వానికి చిహ్నమనీ, విద్య ఆ గర్వాన్ని అణచివేస్తుందనీ వివరిస్తుంటారు. నాకు ఆ వివరణ తృప్తినివ్వదు. మన సంగీతశాస్త్రం సప్తస్వరాలలో మొదటిదైన ‘స’కు, అంటే షడ్జస్వరానికి, నెమలి కూతను పోలికగా చెప్పింది. వీణను శ్రుతి చేసేది షడ్జాన్ని ఆధారంగా చేసుకొనే కదా. వాద్యం పక్కన ఆ పక్షికి ఇంతకన్నా తగిన కారణం ఏం కావాలి?

‘యా కుందేందు’ శ్లోకం పిల్లలందరికీ వచ్చు. దాని చివరి పాదంలో భక్తుడు పాండిత్యాన్ని అడగడు. తనలోని జడత్వాన్ని పూర్తిగా పోగొట్టి కాపాడమని వేడుకుంటాడు. గోదావరి ఒడ్డున బాసరలో వసంత పంచమి నాడు జరిగే అక్షరాభ్యాసాలలోనూ ఇదే కనిపిస్తుంది. అక్కడ పసివాడికి చదువును గురించి ఎవరూ ఉపన్యసించరు. పలక చేతికిచ్చి, చిన్ని వేళ్లను పెద్ద చేత్తో పట్టుకొని, మొదటి అక్షరాలను దిద్దిస్తారు. ఆ తరువాత ఇంటికి వెళ్లి వాడు ఆ అక్షరాలనే తనంతట తాను దిద్దుకోవాలి.

నమస్కారం.