కొండ మీద దేవుడు లేకపోతే తవ్వేయొచ్చా?

నమస్కారం. రాయగడ నుంచి మాట్లాడుతున్నాను. ఈసారి విషయం అల్యూమినియం. పేరు వినగానే వీడియో మార్చేయకండి. ఇందులో ట్రంప్ ఉన్నాడు, లండన్ ఉంది, ఆఫ్రికా ఉంది, చివర్లో శ్రీకాకుళం పొలాలకు పారే నీళ్లు కూడా ఉన్నాయి.

ముందు ఒక లెక్క చెప్తాను. ఒక టన్ను అల్యూమినియం తయారు కావాలంటే నాలుగు నుంచి ఆరు టన్నుల బాక్సైట్ అనే ఎర్రటి ఖనిజం తవ్వాలి. దాన్ని శుద్ధి చేస్తే రెండు టన్నుల అల్యూమినా వస్తుంది, ఆ తెల్లటి పొడిని కరిగిస్తే లోహం వస్తుంది. ఆ కరిగించడానికి దాదాపు 14 వేల యూనిట్ల కరెంటు కావాలి. మన ఇళ్లలో కొన్నేళ్లు వాడుకునే కరెంటు అది. అందుకే ఒడిశా మీద అందరికీ అంత ప్రేమ. దక్షిణాన కోరాపుట్, రాయగడ, కలహండి కొండల నెత్తిన బాక్సైట్ ఉంది, ఉత్తరాన బొగ్గు ఉంది. దామన్‌జోడిలో ప్రభుత్వ కంపెనీ నాల్కో తీసే అల్యూమినా కొంత అంగుల్‌కి వెళ్తుంది, కొంత మన రైలు పట్టాల మీదుగా విశాఖ రేవుకి దిగి ఓడ ఎక్కుతుంది.

మరి ధర ఎక్కడ పలుకుతుంది? భువనేశ్వర్‌లో కాదు, ఢిల్లీలో కూడా కాదు. లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్‌లో. ఆ ఎక్స్ఛేంజ్‌ని కూడా 2012లో హాంకాంగ్ వాళ్లు కొనేశారు. అక్కడ తెర మీద అంకె మారితే ఇక్కడ ప్రభుత్వానికి వచ్చే రాయల్టీ మారుతుంది, ఎందుకంటే బాక్సైట్ రాయల్టీని ఆ లండన్ ధరకే ముడిపెట్టారు.

2025లో ఈ బజారులో పెద్ద గొడవ మొదలైంది. అమెరికా అల్యూమినియం దిగుమతుల మీద మార్చిలో 25 శాతం సుంకం వేసింది, జూన్ 4 నుంచి దాన్ని 50 శాతం చేసింది. ఇటు యూరప్ వాళ్లు 2026 జనవరి 1 నుంచి కార్బన్ సరిహద్దు పన్ను మొదలుపెట్టారు. ఎంత పొగ వదిలి తయారు చేశారో దాన్ని బట్టి వసూలు చేస్తారట. మన టీవీ ఛానళ్లలో వెంటనే డిబేట్లు మొదలయ్యాయి: మన పరిశ్రమకు దెబ్బ, మన దేశం మీద దాడి, మనమంతా ఒక్కటై నిలబడాలి.

ఈ "మనం"లో ఎవరెవరున్నారు అన్నదే నా పేచీ. ధర పడిపోయిందనుకోండి, కంపెనీ ఏమంటుంది? ఖర్చు తగ్గించుకోవాలి, కాంట్రాక్టు లేబర్‌కి పెంచలేం అంటుంది. ధర పెరిగిందనుకోండి? డిమాండ్ ఉంది, ఉత్పత్తి పెంచాలి, ఇంకో కొండ కావాలి అంటుంది. లండన్‌లో గాలి ఎటు వీచినా ఇక్కడ దెబ్బ తినేది ఆ ఇద్దరే: గేటు బయట నిలబడే కూలీ, కొండ మీద పోడు చేసుకునే మనిషి. సుంకాల యుద్ధంలో ఆ ఇద్దరి తరఫు వకీలు ఏ డిబేట్‌లోనూ కనబడడు.

యూరప్ వాళ్ల పచ్చదనం సంగతి కూడా చూడండి. ఎలక్ట్రిక్ కార్లకి, సోలార్ ప్యానెళ్ల ఫ్రేములకి అల్యూమినియం కావాలి, కానీ మురికి అంటకూడదు. వాళ్ల పన్ను లెక్కలోకి ఫ్యాక్టరీ వదిలే కార్బన్ వస్తుంది. లేచిపోయిన ఊరు రాదు, ఎండిపోయిన ఊట రాదు. బాక్సైట్‌ని శుద్ధి చేశాక మిగిలి రిఫైనరీ పక్కన చెరువులా నిలిచే ఎర్ర బురద కూడా రాదు. పర్యావరణం కోసం ట్యాక్స్ కట్టి మరీ మన కొండని మర్చిపోవచ్చు.

సరే, రాయగడ, కలహండి మధ్య ఉన్న బాక్సైట్ కొండ నియమగిరి దగ్గరికి వద్దాం. కొండ కింద లాంజిగఢ్‌లో వేదాంత కంపెనీ వాళ్లు రిఫైనరీ ముందే కట్టేశారు, కొండ తర్వాత దొరుకుతుందిలే అన్న ధీమాతో. 2010లో కేంద్రం అనుమతి ఇవ్వలేదు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగండి అంది. రాయగడ వైపు ఏడు ఊళ్లు, కలహండి వైపు అయిదు ఊళ్లు, మొత్తం 12 గ్రామసభలు పెట్టారు. పన్నెండూ వద్దన్నాయి. ఆ కొండల ఆదివాసీలైన డోంగ్రియా కొంధులు ఉండే ఊళ్లు వందకు పైనే ఉంటే పన్నెండే ఎందుకు ఎంచుకున్నారు అన్న ప్రశ్న అప్పుడే వచ్చింది. ఎంచుకున్న పన్నెండూ కూడా ఒకే మాట చెప్పేసరికి ఆ ప్రశ్నకి జవాబు అవసరం లేకుండా పోయింది.

ఆ రోజు సంబరపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను, ఇప్పటికీ అది గొప్ప గెలుపనే అంటాను. కానీ ఏ వాదన మీద గెలిచారో చూడండి. ఆ కొండ వాళ్ల దేవుడు నియమ్ రాజా నివాసం, అక్కడ తవ్వడం డోంగ్రియాల మత స్వేచ్ఛకు, ఆచారానికి దెబ్బ అన్నది అందులో పెద్ద పాత్ర పోషించింది. లండన్‌లో నిరసనలు జరిగాయి, ఇంగ్లండ్ చర్చి 2010లో వేదాంతలో తన వాటాలు అమ్మేసింది, ఒక హాలీవుడ్ సినిమాతో పోలిక పెట్టి ప్రపంచమంతా ప్రచారం నడిచింది. దేవుడు, కొండ, ముక్కుపుడకలు పెట్టుకున్న అమ్మాయిల ఫొటోలు. ప్రపంచం చూసింది వాటినే.

అంత అందంగా ఫొటోలో పడని కొండ పరిస్థితి ఏమిటి మరి? ఆ ఊళ్లల్లోనే తరతరాలుగా ఉంటున్న డొంబు కులం దళితులు షెడ్యూల్డ్ తెగ కాదు. అటవీ హక్కుల చట్టం కింద వాళ్లు హక్కు అడగాలంటే 2005కి ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, అక్కడే ఉన్నట్టు రుజువు చూపించాలి. కాగితం ముఖం చూడని తాత పేరు మీద రుజువు ఎక్కణ్ణుంచి వస్తుంది? సంస్కృతి పేరుతో గెలిచిన కేసులో వాళ్లకి కుర్చీ లేదు. నీళ్లు వాళ్లూ తాగుతారు, కూలి వాళ్లూ చేస్తారు.

ఇప్పుడు ఇంకో బాక్సైట్ కొండ సిజిమాలి చూడండి. కాశీపూర్ వైపు, కలహండి సరిహద్దు. 2023లో వేలంలో ఆ గని వేదాంతకి వచ్చింది. అక్కడివాళ్లు కూడా ఇది మా దేవుడు తీజ్‌రాజు కొండ అంటున్నారు. గ్రామసభలు ఒప్పుకున్నాయని అధికారులు చూపిస్తే, ఆ సంతకాలు మావి కావు అని ఊళ్లవాళ్లు అంటున్నారు. అరెస్టులు జరిగాయి. లండన్‌లో ఈసారి అంత సందడి లేదు. అక్కడి ఫ్యాషన్ మారింది. ప్రతి ఊరూ తన దేవుణ్ణి కోర్టులో సాక్షిగా నిలబెట్టి గెలవాల్సిందేనా? మా భూమి, మా నీళ్లు, మా బతుకు అంటే చాలదా?

ప్రభుత్వానికి సంస్కృతి అంటే ఇష్టమే. డోంగ్రియాల ఎంబ్రాయిడరీ శాలువా కపడాగండాకి 2024 జనవరిలో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు సరుకే అన్న ముద్ర, వచ్చింది. మంచిదే, వద్దనను. శాలువా మీద కుట్టేవి ఆ కొండలే కదా.

ఇక మన ఎర్రజెండా ఇంటి సంగతి. తిట్టుకోండి, పర్వాలేదు. పబ్లిక్ సెక్టార్ అయితే అంతా న్యాయమే అని మనవాళ్లు చాలాకాలం అనుకున్నారు. దామన్‌జోడిలో ఊళ్లు లేచిపోయింది ప్రభుత్వ కంపెనీ కోసమే. ప్రపంచం వైపు చూస్తే, ఆఫ్రికాలో గినీ అనే చిన్న దేశం ఉంది, ప్రపంచంలోకెల్లా పెద్ద బాక్సైట్ నిల్వలు అక్కడివే. అక్కడి ఎర్రమట్టి ఓడలకి ఓడలు వెళ్లేది చైనాకి. కొనేవాడు కమ్యూనిస్టు పార్టీ పాలించే దేశం అయినంత మాత్రాన గినీలో దుమ్ము తక్కువ లేవదు. అమెరికాని తిట్టేటప్పుడు గట్టిగా ఉండే గొంతు ఇక్కడ ఎందుకు తగ్గుతుందో నాకు అర్థం కాదు.

వామపక్షం చేసిన మంచి ప్రయత్నం ఒకటి ఉంది, మన దగ్గర దాని గురించి ఎవరూ మాట్లాడరు. 1974లో జమైకా ప్రధాని మైఖేల్ మాన్లీ బాక్సైట్ కంపెనీల మీద కొత్త లెవీ, అంటే పన్ను, వేశాడు. లోహం అమ్మకం ధరలో 7.5 శాతం లెక్కన. మట్టి ధర మీద కాకుండా లోహం ధర మీద, అందులో ఉంది తెలివి. అదే ఏడాది గినీ రాజధాని కొనాక్రీలో కొన్ని బాక్సైట్ దేశాలు కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి, చమురు దేశాల ఒపెక్ లాగా. కంపెనీలేం చేశాయి? మెల్లగా జమైకాలో తగ్గించి గినీ, బ్రెజిల్, ఆస్ట్రేలియా వైపు జరిగాయి. ఆస్ట్రేలియా ఆ సంఘంలో ఉంటూనే లెవీ విషయంలో వెనకడుగు వేసింది. చివరికి 1994లో సంఘమే మూతపడింది. కూలీల సమ్మెని కొత్త కూలీలతో విరగ్గొట్టినట్టే దేశాల సమ్మెనీ విరగ్గొట్టారు.

మన సరిహద్దులో జరిగిందీ ఇంచుమించు అదే. 1936 ఏప్రిల్ 1 దాకా ఈ రాయగడ, కోరాపుట్ అంతా మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లా, జయపురం జమీందారీ. కొండలు ఒకటే, గీత తర్వాత వచ్చింది. ఆ గీతకి ఆంధ్ర వైపున 1997లో సమత కేసు తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే ఆదివాసీల భూమికి చట్టం రక్షణ ఉన్న చోట, ప్రైవేటు కంపెనీ కూడా గిరిజనేతర వ్యక్తి కిందకే వస్తుంది, లీజు చెల్లదు అని. గీతకి ఇవతల ఆ రక్షణ రాలేదు. 2000 డిసెంబర్ 16న కాశీపూర్ మైకంచ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు ఆదివాసీలు చనిపోయారు. అక్కడి రిఫైనరీ కంపెనీ ఉత్కళ్ అల్యూమినాలో అప్పుడు నార్వే కంపెనీ వాటా ఉండేది, ఆ తర్వాత వాళ్లు తప్పుకున్నారు. కెనడా వాళ్లూ 2007లో వెళ్లిపోయారు. విదేశీ పెట్టుబడి పోయింది, రిఫైనరీ ఆగలేదు. ఇప్పుడది పూర్తిగా మన దేశపు హిందాల్కో కంపెనీది.

ఇక్కడ మన తెలుగువాళ్ల గురించి కూడా మాట్లాడాలి. రాయగడ, గుణుపురం, జయపురం బజార్లలో సగం బోర్డుల వెనక ఉన్నది మనమే. సంతలో చింతపండు, పసుపు చవగ్గా కొని ఆదివాసీని బాకీలో పెట్టిన సావుకార్లలో మనవాళ్లు తక్కువేం లేరు. ఇప్పుడు లారీలు, సబ్ కాంట్రాక్టులు, అద్దె ఇళ్లు. "గని వస్తే ఊరు బాగుపడుతుంది" అని టీ కొట్టు దగ్గర గట్టిగా అనేది ఎవరో మీకు తెలుసు. ఒడియావాళ్లు మనల్ని బయటివాళ్లంటారని బాధపడతాం, కొండ దిగి వచ్చినవాణ్ణి మాత్రం ఏకవచనంలో పిలుస్తాం. ఇది భాషల తగాదా అనుకుంటే తెగదు. లారీ ఓనరూ తెలుగే, ఆ లారీ తోలే డ్రైవరూ తెలుగే, వాళ్లిద్దరి మధ్య బేరం ఏ భాషలో జరిగినా రేటు ఓనరే చెప్తాడు.

కామెంట్లలో ఎప్పుడూ ఒకటే ప్రశ్న వస్తుంది: నీ ఫోన్‌లో అల్యూమినియం లేదా, మరి ఎందుకీ నీతులు? ఉంది. నేను అల్యూమినియం వద్దనడం లేదు. పాత అల్యూమినియాన్ని కరిగించి మళ్లీ వాడితే కొత్తదానికి అయ్యే కరెంటులో 5 శాతం చాలు. ఆ పని ఎంత చేశాక కొత్త కొండ ముట్టుకోవాలి, ఎంత ఎగుమతికి, ఎంత మన అవసరానికి అన్నది ఎవరు తేల్చాలి అంటున్నాను. ఇప్పుడు తేలుస్తున్నది వేలం పాట.

నీళ్ల సంగతి చెప్తానన్నాను. నియమగిరి వాగులు వంశధారలోకీ, నాగావళిలోకీ పోతాయి. కొండ నెత్తిన ఉన్న ఆ పొర వాన నీళ్లని ఇంకించుకుని ఏడాదంతా ఊటలుగా వదులుతుందని కొండవాళ్లు చెప్తారు. కంపెనీలు ఒప్పుకోవు. కానీ కింద ఎవరున్నారో చూడండి: వంశధార మీద హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ, నాగావళి మీద తోటపల్లి. ఆ కాలవల కింద వరి వేసేది తెలుగు రైతు. వంశధార నీళ్ల కోసం ఒడిశా, ఆంధ్ర ఏళ్ల తరబడి ట్రైబ్యునల్‌లో కొట్లాడుకున్నాయి, 2017లో తీర్పు కూడా వచ్చింది, చెరి సగం అని. ఆ వాటాల లెక్క అంతా నది దగ్గర మొదలవుతుంది, కొండ దగ్గర కాదు. 2013లో పన్నెండు ఊళ్లని అడిగారు. నేనైతే పదమూడో గ్రామసభ హిరమండలంలో పెట్టమంటాను, పద్నాలుగోది తోటపల్లి ఆయకట్టులో. వాళ్లు అక్కడ డోంగ్రియాలకి ఓటేస్తారా, లారీలకి ఓటేస్తారా అన్నది నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది. శ్రీకాకుళం, పార్వతీపురం నుంచి చూస్తున్నవాళ్లు కింద రాయండి.