రాజముద్రలోంచి దిగివచ్చిన వరాహం

శ్రోతలకు నమస్కారం.

బెర్లిన్ వెళ్లినవాళ్లు ఎలుగుబంటి బొమ్మ కొనుక్కొస్తారు. అది ఆ నగర చిహ్నం. మన రాజమహేంద్రవరానికీ అంత పాత గుర్తు ఉంది. ఈ ఊరినేలిన తూర్పు చాళుక్యుల వరాహ లాంఛనం అది. నారాయణుడి దయవల్ల దొరికిన ఆ లాంఛనాన్ని చూస్తేనే శత్రువులు లొంగిపోతారని వాళ్ల శాసనాల్లో ఘనంగా చెప్పుకున్నారు.

దానశాసనాన్ని రాగి రేకుల మీద చెక్కించి, రేకులకు బెజ్జం వేసి రాగి కడియం దూర్చేవారు. కడియం కొసలు రెండూ ఒక గుండ్రటి ముద్రలో అతికేవారు. దాన్ని తెంపకుండా ఒక్క రేకు తీయడానికి గాని, కలపడానికి గాని వీల్లేదు. ఆ ముద్ర నడుమ ‘శ్రీ త్రిభువనాంకుశ’ అనే అక్షరాలుంటాయి. పైన వరాహం, సూర్యచంద్రులు, అంకుశం, కింద పద్మం కనిపిస్తాయి. కోనసీమలోని నందంపూడిని దానమిస్తూ ఆ వంశపు రాజు రాజరాజనరేంద్రుడు 1053లో వేయించిన శాసనాన్ని రచించింది నన్నయభట్టే. ఆ రాజు బంగారు నాణేల మీదా వరాహమే. అవి సముద్రం దాటి అరకాన్‌లోనూ (ఇప్పటి మయన్మార్ తీరం) సయాంలోనూ (ఇప్పటి థాయ్‌లాండ్) దొరికాయి.

ఇప్పుడా వరాహం పింగాణీ బొమ్మగా వచ్చింది. మా ఊళ్లో ఓ కుమ్మరి చేశాడు. అరచేతిలో పట్టేంత బొమ్మ, మూతి ముందుకు చాచి, మెడ నుంచి నడుము దాకా వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉంటుంది. భూదేవినెత్తిన వరాహమూర్తిని చేయమని కొందరు అడిగారట. ఆయన ఒప్పుకోలేదు. అదే సరైన పని అంటాను నేను. ముద్ర మీద ఉన్నది మనిషి దేహం లేని నాలుగు కాళ్ల జంతువు మరి.

ఇందులో అసలు చిక్కు ఏమిటంటే, ముద్ర మీద మనకు ఒక పక్కే కనపడుతుంది. ఎదురుగా చూస్తే ముఖం ఎలా ఉంటుందో, కోరలు ఎంత ఎడంగా ఉంటాయో చేసేవాడే తేల్చుకోవాలి. ఈయన కోరల్ని పొట్టిగా, దవడకు ఆనుకునేలా పెట్టాడు. పొడుగ్గా పెడితే ఆరేటప్పుడే విరుగుతాయి. పొట్టలో మన్ను తోడేసి, అడుగున చిన్న కన్నం వదిలాడు. లేకపోతే లోపలి తడి ఆవిరై ఆవంలో బొమ్మ పగిలిపోతుంది.

గోదావరి ఒండ్రు మట్టిలో ఇనుము ఎక్కువ. కాలిస్తే ఎర్రబారుతుంది, వేడి మరీ పెంచితే ఒరిగిపోతుంది. అందుకే ద్వారకాతిరుమల వైపు దొరికే తెల్లమట్టి కలిపాడు. ఒకసారి కాల్చి, రాగి కలిసిన గాజుపూత పూసి మళ్లీ కాల్చాడు. పూత పచ్చగా తేలింది. వెన్ను మీద పలచగా, కాళ్ల సందుల్లో చిక్కగా నిలిచింది. నేలలో ఏళ్ల తరబడి పడున్న రాగి శాసనాలకు పట్టే చిలుము రంగు కూడా అదే. ఆ రంగు ఎంచుకున్నందుకు ఆయన్ని మనసారా మెచ్చుకున్నాను.

నాకున్న కొరత ఒక్కటే. సూర్యచంద్రుల్ని వదిలేశాడు. విడిగా అతికిస్తే నిలవవు గనుక పీఠం మీద గీయమని చెప్పాను, సరేనన్నాడు. 2027లో పుష్కరాలకు వచ్చే యాత్రికులకు ఇది ఘాట్ల దగ్గరే దొరకాలి. పెట్టెలో నాలుగు ముక్కల చీటీ కూడా ఉండాలి: ఈ వరాహం ఎవరి ముద్రో, ఏ శాసనాల మీద ఉందో, దీన్ని చేసిన కుమ్మరి పేరేమిటో.