పొరపాటు పెళ్లి కథలో పొరపాటు ఎక్కడ పెట్టాలి?

(క్రిస్మస్ కథలు రాసేవాళ్ల కోసం ఫోన్-ఇన్. స్టూడియోలో ఒక లాయరు గారు, కథలు రాయడం నేర్పే మాస్టారు ఉన్నారు. ఈ వారం ఫోన్లు ఒడిశా సరిహద్దు నుంచి.)

యాంకర్: హలో, చెప్పండమ్మా. ఎక్కడి నుంచి?

కాలర్: పర్లాకిమిడి నుంచండి. పొరపాటున పెళ్లయిపోయిన జంట మీద ఒక ప్రేమకథ రాస్తన్నానండి. డిసెంబరు 24 రాత్రి పది గంటలకి చర్చి కాంపౌండులో బైబిల్లోని కానా ఊరి పెళ్లి నాటకం. పెళ్లికొడుకు వేషమేసే అబ్బాయికి జ్వరం వచ్చేసి, మైకుసెట్టు కుర్రాడిని నిలబెట్టేస్తారు. అతను హిందువు. అమ్మాయి ఆ చర్చి పిల్లే, నర్సు. పాస్టరు వేషం పాస్టరు గారిదే. ఆయన అలవాటు కొద్దీ అసలు పెళ్లి పుస్తకం చదివేస్తారు, అసలు రిజిస్టరులో సంతకాలు పెట్టించేస్తారు. తెల్లారితే మొగుడూ పెళ్లాం. ఇది చెల్లుతాదేటండి?

మాస్టారు: ముచ్చటగా ఉందమ్మా. లాయరు గారే తల అడ్డంగా ఊపుతున్నారు.

లాయరు: ఇది పెళ్లి కాదమ్మా. ఎందుకు కాదో తప్పుగా రాస్తే మాత్రం తెలిసినవాళ్లు నవ్వుతారు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైతే చాలు. అబ్బాయి హిందువు కావడం అడ్డేమీ కాదు. పెళ్లి వేళ ఉదయం 6 నుంచి సాయంత్రం 7 దాకా. ‘ఏడు దాటింది కాబట్టి రద్దు’ అనే మలుపు పెట్టారా?

కాలర్: ఆఖరి అధ్యాయంలో అదేనండి!

లాయరు: తీసేయండి. వేళ, చోటు, నోటీసు, రిజిస్టరు... వీటిలో లోపం ఉన్నంత మాత్రాన పెళ్లి రద్దు కాదని 77వ సెక్షనే చెబుతోంది. తెలిసి తెలిసి వేళ తప్పించి పెళ్లి చేసినవారికి మాత్రం 69వ సెక్షను కింద మూడేళ్ల దాకా జైలు, జరిమానా. ప్రత్యేక లైసెన్సు లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి, మీ కథకు అక్కర్లేదు. ఇక్కడ పెళ్లి కాలేదనడానికి బలమైన కారణం ఒక్కటే. పెళ్లాడాలని వాళ్లిద్దరూ అనుకోలేదు, చేయాలని పాస్టరూ అనుకోలేదు, ఎదురుగా కూర్చున్నవాళ్లు చూస్తున్నదీ నాటకమే.

కాలర్: మరి నా కథేటయిపోనాదండి?

మాస్టారు: ఏమీ కాలేదమ్మా. పొరపాటును చట్టంలోంచి తీసి ఊరి నోట్లో పెట్టండి. మీ ఊళ్లో ఇలాంటి కబురు గుణుపురం రైలు కంటే ముందే గుణుపురం చేరిపోతుంది కదా! సండే స్కూలు పిల్లలు అతన్ని బావా అని పిలవడం మొదలుపెడతారు. మేనత్త అరిసెల డబ్బా పంపుతుంది. ఇలాంటివి ఐదారు తోస్తాయి, అన్నీ రాయొద్దు. ఒక్కదాన్ని పట్టుకుని దగ్గరగా చూపించండి. అద్దె రసీదు మీద ఇంటావిడ ఇద్దరి పేర్లూ రాసేసింది. అమ్మాయి రెండో పేరు కొట్టేద్దామని పెన్ను మూత తీసి, కాసేపు చూసి, మళ్లీ మూత పెట్టేసింది. నక్షత్రాల లైట్ల మీదా చలి మీదా రెండు పేరాలు రాసినా ఇంత పని జరగదు.

కాలర్: మరి, ‘మాకు పెళ్లి అవలేదు’ అని ఒక్క మాట చెప్పేస్తే అయిపోతాది కదండీ?

మాస్టారు: ఇలాంటి కథలు ఎక్కువగా చచ్చేది అక్కడే. ఒక్క మాటతో తీరే అపార్థాన్ని పది అధ్యాయాలు లాగితే చదివేవాళ్లకు ఒళ్లు మండుతుంది. కాబట్టి చెప్పించేయండి, మూడో అధ్యాయంలోనే. ఊరు నమ్మదు, అంతే. పోనీ ‘అవును, అయింది’ అందామా అంటే లాయరు గారు చెప్పిన 69 ఉండనే ఉంది. ఎవరైనా దాన్ని కాగితం మీద పెడితే మెడకు చుట్టుకునేది పాస్టరు గారికి. ఔనన్నా చిక్కే, కాదన్నా చిక్కే.

కాలర్: ఆఖరికి నిజం పెళ్లి ఎలగ చెయ్యాలండి? క్రిస్మస్‌కే అవ్వాల.

లాయరు: 1954 ప్రత్యేక వివాహ చట్టం వాడుకోండి. మతాలు వేరైనా ప్రభుత్వ వివాహ అధికారి ఎదుట పెళ్లాడే దారి అది, అందులో మీకో గడియారం ఉంది. పెళ్లి చేసుకుంటామని ఇచ్చే నోటీసుకు ముందు ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో 30 రోజులు ఉండాలి. నోటీసు ఇచ్చాక మరో 30 రోజులు ఆగాలి. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లో పెళ్లి కాకపోతే అది మురిగిపోతుంది. సెప్టెంబరు 25న ఇచ్చారనుకోండి, గడువు డిసెంబరు 25. ఆ రోజు ఆఫీసుకు సెలవు. కాబట్టి కథలో 24నే ఆఖరి రోజుగా పెట్టుకోండి.

మాస్టారు: నాటకమాడిన తేదీయే!

లాయరు: ఇంకా వినండి. ఆ నోటీసును ఆఫీసులో అందరికీ కనబడేలా అంటిస్తారు. పేరు, వయసు, వృత్తి, నివాసం, అక్కడ ఎన్నాళ్లుగా ఉంటున్నారు, పెళ్లికానివారా కాదా... అన్నీ ఉంటాయి. మేనత్త చదివి అభ్యంతరం పెడుతుంది.

కాలర్: ఏటని?

లాయరు: వీళ్లకు పోయిన క్రిస్మస్‌కే పెళ్లయింది కదా, మళ్లీ ఏమిటని! వినడానికి హాస్యమే కానీ అధికారి విచారించి 30 రోజుల్లో తేల్చాలి. కానీ ఆ అభ్యంతరాన్ని నవంబరు దాకా ఆపకండి. 30 రోజుల నోటీసు గడువు లోపలే, అంటే అక్టోబరు 25కు ముందే పెట్టాలి. ముందు జరిగిన పెళ్లిని రిజిస్టరు చేసుకునే దారి, 15వ సెక్షను, వేరే ఉంది. దానికి పెళ్లి తంతు జరిగి, అప్పటినుంచీ కాపురం చేస్తూ ఉండాలి. వీళ్లకు రెండూ లేవు. కాబట్టి ‘అది పెళ్లి కాదు, మేం ఇప్పుడే చేసుకుంటున్నాం’ అని ఇద్దరూ అధికారి ఎదుట చెప్పాలి.

మాస్టారు: అదే మీ ప్రేమ సన్నివేశం, తల్లీ. ఇంకోటి వెతక్కండి.

లాయరు: ఆఫీసులోనే చేయనక్కర్లేదు. అదనపు ఫీజు కడితే సమంజసమైన దూరంలో వాళ్లు కోరినచోట జరిపించొచ్చు, చర్చి కాంపౌండైనా సరే. ఒకరినొకరు భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నామనే మాట ఇద్దరికీ అర్థమయ్యే ఏ భాషలోనైనా అనొచ్చు. సాక్షులు ముగ్గురు. క్రైస్తవ చట్టంలోలా ఇద్దరు సరిపోరు.

యాంకర్: ఇంకో ఫోను తీసుకుందాం. రాయగడ నుంచి... చెప్పండి బాబూ.

కాలర్ 2: సార్, నా కథలో ఇద్దరూ హిందువులే. కాలేజీ క్రిస్మస్ పార్టీలో సరదాకి దండలు మార్చుకుంటారు. తర్వాత ఎవరో పెళ్లి సర్టిఫికెట్ తెచ్చి చేతిలో పెడతారు. అప్పుడైనా పెళ్లయినట్టేనా?

లాయరు: దండలు మార్చుకుంటే సరిపోదు, ఆ కుటుంబాల ఆచారం ప్రకారం తంతు జరగాలి. తంతు లేకుండా ఉత్త సర్టిఫికెట్ హిందూ వివాహం కాదని 2024లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

కాలర్ 2: సప్తపదిలో ఆరో అడుగు దగ్గర కరెంటు పోయి ఆగిపోతే?

లాయరు: సప్తపది ఆచారంగా ఉన్నవాళ్లకు ఏడో అడుగుతోనే పెళ్లి పూర్తవుతుంది. ఆరు దగ్గర ఆగితే కానట్టే.

మాస్టారు: బాబూ, ఆ దండలు తీసేసి ఈ కరెంటుతో మొదలుపెట్టండి.