వెనక చక్రం వంక ఎక్కడుంది?

అందరికీ నమస్కారం. పాలిటెక్నిక్ పిల్లలు కొంచెం ముందుకు రండి. మాట్లాడేది వెనక చక్రాల గురించని వెనకే కూర్చోనక్కర్లేదు.

బయట నిలబెట్టిన ఎర్ర బండి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. ఈ మోడల్ 1962లో ఇంగ్లండులో వచ్చింది. మీరు చూడటం ఇదే మొదటిసారి కావచ్చు గానీ, దీని చుట్టం మీ తాతలకి బాగా తెలుసు. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్. ఆ హెరాల్డ్ ఛాసిస్‌ని, అంటే అడుగు చట్రాన్ని, పొట్టి చేసి దాని మీద కట్టిన స్పోర్ట్స్ కారు ఇది. రెండింటి బాడీ గీసినవాడూ ఇటలీకి చెందిన మికెలాటీయే. మా మేనమామ హెరాల్డ్ కింద పడుకుని నేర్చుకున్న పని నాకు ఈ బండి దగ్గర పనికొచ్చింది.

దీని వెనక భాగం ఎలా ఉంటుందో కావడి ఊహించుకోండి. అడ్డంగా ఒకే ఒక లీఫ్ స్ప్రింగు, దాని రెండు చివర్లా రెండు చక్రాలు. ఇంజను తిప్పుడుని రెండు వెనక చక్రాలకీ పంచే గేర్ల పెట్టె, అదే డిఫరెన్షియల్, ఛాసిస్‌కి బిగించి ఉంటుంది. దాన్నుంచి చక్రాలకి అటొక షాఫ్టు, ఇటొక షాఫ్టు. ఒక్కోదానికి లోపలి చివర మాత్రమే జాయింటు. అందుకే చక్రం నిలువుగా పైకీ కిందికీ ఆడదు, కొంగ రెక్కలా ఊగుతుంది. చక్రం ముందుకీ వెనక్కీ పోకుండా పట్టుకునేది రేడియస్ ఆర్మ్ అనే ఒక సన్నటి కడ్డీ. దాని ముందు చివర బ్రాకెట్‌కి, ఆ బ్రాకెట్ సీటు వెనక గోడకి. ఇక్కడ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి: ఆ గోడ ఛాసిస్ కాదు, బాడీ రేకు.

ఈ బండి నా దగ్గరికి వచ్చేసరికి మూడుసార్లు ముందు చక్రాల అలైన్‌మెంట్ అయిపోయింది. అయినా స్టీరింగు కొంచెం ఎడమకి తిప్పి పట్టుకుంటేనే నేరుగా పోయేది. మన రోడ్లు ఎడమ అంచుకి వాలి ఉంటాయి కాబట్టి, ఎడమకి లాగితే రోడ్డు మీద నెపం వేయొచ్చు. ఇది కుడికి లాగుతోంది. నేను కూడా తెలివి తక్కువగా నాలుగోసారి ముందు చక్రాలే చూశాను. ఒక పూట వృథా. తర్వాత మా అబ్బాయి బైకు మీద వెనకే వస్తూ, "నాన్నా, బండి పీతలా నడుస్తోంది" అన్నాడు. వెనక భాగం ఎడమకి జరిగి, ముక్కు కుడికి చూస్తోందట.

అప్పుడు వెనక చక్రాలు ఎటు చూస్తున్నాయో కొలవడానికి దారం కట్టాను. మా వీధి తాపీ మేస్త్రి ఆ దారం చూసి, "టైరుకి ఆనిత్తే అది టైరు మాటే సెప్తాది బాబూ, యెడంగా కట్టు" అన్నాడు. నిజమే. బండికి రెండు వైపులా, దేనికీ తగలకుండా, చక్రం ఇరుసు ఎత్తులో, బండి మధ్యగీతకి సమాంతరంగా దారాలు కట్టాలి. కొత్తవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. స్పిట్‌ఫైర్ ముందు చక్రాల మధ్య దూరం 49 అంగుళాలు, వెనక 48. అంటే ఒక్కో వైపు వెనక చక్రం అరంగుళం లోపలికి ఉండాలి. అది తెలియక ముందూ వెనకా దూరం సమానంగా పెట్టారా, మంచి చక్రాన్ని పాడు చేస్తారు.

కొలిచే ముందు టైర్ల గాలి, కీళ్లలో ఉండే రబ్బరు తొడుగులు, అదే బుష్‌లు, బేరింగులు చూసుకోండి. బుష్ అరిగిపోయి ఉంటే ఈరోజు కొలిచింది రేపటికి ఉండదు. డ్రైవరు సీట్లో మూడు పాతిక కేజీల బియ్యం బస్తాలు వేశాను. మనిషి కూర్చుంటే కదులుతాడు, కబుర్లు చెబుతాడు, బస్తా ఆ పని చెయ్యదు. ఇంకోటి, జాకీతో ఎత్తితే ఈ బండి వెనక చక్రాల అడుగులు లోపలికి ముడుచుకుంటాయి. దించాక కూడా టైరు నేలని పట్టుకుని, అలాగే ఉండిపోతుంది. కాబట్టి నాలుగు అడుగులు ముందుకీ వెనక్కీ దొర్లించి, వెనక భాగాన్ని రెండు మూడుసార్లు గట్టిగా నొక్కి వదలాలి. చక్రాల కింద గచ్చు పలకలు రెండేసి పెట్టి మధ్యలో గ్రీజు రాస్తే ఇంకా మంచిది.

కొలతలు చెబుతాను. కుడి వెనక చక్రం: దారం నుంచి రిమ్ ముందంచుకి 82 మిల్లీమీటర్లు, వెనకంచుకి 82. బాగుంది. ఎడమ చక్రం: ముందంచుకి 80, వెనకంచుకి 83. ముందంచు బయటికి చూస్తోంది. టో-ఔట్, మూడు మిల్లీమీటర్లు. అంతేనా అంటారు. రిమ్ 13 అంగుళాలు, అంటే 330 మిల్లీమీటర్లు. బండి వంకరగా నడుస్తూ ఆ మూడింటిని రెండు చక్రాలూ చెరి సగం పంచుకుంటాయి. కిలోమీటరుకి ఒక్కో టైరు నాలుగున్నర మీటర్లు పక్కకి ఈడ్చుకుపోయినట్టు. ఇక్కడినుంచి విశాఖ సుమారు 60 కిలోమీటర్లు. అక్కడికి చేరేసరికి పావు కిలోమీటరు పైనే రబ్బరు రోడ్డుకి రాసినట్టు.

దీన్ని సరిచేసేది ఇదిగో, ఈ షిమ్. గుర్రపు లాడంలా ఉన్న చిన్న రేకు ముక్క. బ్రాకెట్‌కీ బాడీకీ మధ్య ఉంటుంది. షిమ్ వేస్తే చక్రం వెనక్కి జరిగి ముందంచు బయటికి తిరుగుతుంది, తీస్తే లోపలికి. నేను తీద్దామని బ్రాకెట్ విప్పాను. వెనక బాడీ రేకు మీద ఎవరో ఇంకో మందపాటి రేకు అతికి వెల్డింగు చేశారు. ఉప్పుగాలికి తుప్పు పట్టిన చోటు. ఆ అతుకు మందం అంతా షిమ్ వేసినట్టే అయింది, పైగా పాత షిమ్‌లు అన్నీ అలాగే ఉంచారు. చక్రం పాపం ఏమీ చెయ్యలేదు.

అతుకు కోసేసి, గోడ రేకు సరిగ్గా కట్టించి, షిమ్‌లు లెక్క ప్రకారం వేశాను. ఎంత టో పెట్టాలో మీ మోడల్ మాన్యువల్‌లో చూసుకోండి, నా నోటి లెక్క నమ్మకండి. చివరి బోల్టులు మాత్రం బండి నేల మీద, బరువుతో నిలబడి ఉన్నప్పుడే బిగించాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు బుష్ మెలిపడి ఉండిపోతుంది, తొందరగా చిరుగుతుంది.

ఇక బయటికి వెళ్దాం. దారాలు కట్టే ఉన్నాయి, తగలకుండా నడవండి. కింద పడుకుని షిమ్ చూపించడానికి ఒకరు కావాలి. పాత చొక్కా వేసుకున్నవాళ్లెవరైనా ఉన్నారా?